మూడు గుండీల కోటు, ఒక వంకర వేలు

ఆ రెండో రోజు, కోటు మాటున చీకట్లో, ఆమె వేలు తెలిసి జారిందా, తెలియక జారిందా? ఏళ్లు గడిచాయి, నాకు ఇప్పటికీ తేలలేదు. చదువుతున్న పుస్తకంలో ఇలాంటి చిక్కు వస్తే వెనక్కి వెళ్లి ఆ పేజీలు మళ్లీ చదువుకుంటాను. ఎక్కడో ఒకచోట ఆచూకీ దొరుకుతుంది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఆమె కళ్లజోడు నా జేబులోనే ఉంది. అయినా దొరకలేదు.

మాది మూడంతస్తుల పాత మేడ. కింద దర్జీ కొట్టు, మధ్యలో నేను, పైన అక్కాచెల్లెళ్లు ఇద్దరు. చెల్లెలు ఊళ్లోని సంగీత పాఠశాలలో ఫిడేలు నేర్పేది. వీధి వీధంతా ఆమెను టీచరనే పిలిచేది. పొడుగ్గా, సన్నగా, మెట్ల మీద ఎవరైనా ఎదురైతే గోడకి ఒదిగి దారిచ్చే మనిషి. అక్క అందుకు పూర్తిగా ఎదురు. రైల్వేలో టికెట్ల కిటికీ వెనక కూర్చుని రిటైరైంది. అద్దం అవతలి జనానికి వినపడేలా మాట్లాడీ మాట్లాడీ గొంతు అలాగే ఉండిపోయింది. ఇంట్లో చెల్లెలితో మాట్లాడినా మధ్యలో అద్దం ఉన్నట్టే మాట్లాడేది. వాళ్లింట్లో ఏ కూర మాడిందో మూడంతస్తులకీ తెలిసేది.

సాయంత్రాలు పిల్లలు ఇంటికి వచ్చి నేర్చుకునేవారు. కొత్తగా చేరినవాళ్లు వాయిస్తుంటే తుప్పు పట్టిన గేటుని ఎవరో తీస్తూ మూస్తూ ఉన్నట్టుండేది. నేను పుస్తకం మూసి, ఆ పాఠం అయ్యాక తెరిచేవాణ్ణి.

వాళ్ల వాటాలో వీధి వైపు గది టీచరు సాధన గది. దాని గుమ్మానికి బందులున్నాయి, తలుపు లేదు. ఒక తెర వేలాడుతూ ఉండేది. చెదలు పట్టి తీసేశారేమో అనుకునేవాణ్ణి. ఒకసారి కూరల సంచులతో మెట్లెక్కుతూ మా వాటా ముందు ఆయాసం తీర్చుకోవడానికి ఆగినప్పుడు అక్కే చెప్పింది. వయసులో ఉన్నప్పుడు చెల్లెలికి ఒక పెద్ద వాద్యబృందంలో చోటు కోసం పరీక్ష ఉందట. పొద్దస్తమానం వాయిస్తూనే ఉందట. అక్క డ్యూటీ దిగి తలనొప్పితో వచ్చింది. "ఇంక ఆపవే తల్లీ, నీకు పుణ్యముంటుంది" అంటూ ఆ గది తలుపు విసురుగా మూసింది. చెల్లెలు ఏదో చెబుదామని వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఎడమ చేతి చిటికెన వేలు కణుపు దగ్గర నలిగిపోయింది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. బృందంలో చోటు వేరేవాళ్లకి పోయింది.

"తర్వాత వడ్రంగిని పిలిపించి ఆ తలుపు ఊడపీకించాను అన్నయ్యగారూ" అంది అక్క, ఎవరి టికెట్టు గురించో చెబుతున్నట్టు. "ఆ పూట నుంచి దాన్ని ఆపమని అన్నది లేదు. నా చెవుల్లో కాకులు గూళ్లు కట్టినా సరే."

సంచులు ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

టీచరు మళ్లీ వేదిక ఎక్కలేదు. ఇంట్లో, బళ్లో తప్ప ఎక్కడా వాయించలేదు. ఆ వేలు లేకుండా వాయించడం తనకు తనే నేర్చుకుంది. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. మా తరానికంతా తెలిసిన ఒక ఫిడేలు విద్వాంసుడు ఉండేవారు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన కట్టిన పాట ఒకటుంది. ఫిడేలు పట్టిన ప్రతి పిల్లా ఎప్పటికో ఒకప్పటికి ఆ పాట దగ్గరికి రావలసిందే. అందులో ఒకచోట ఆయన కింది స్వరం నుంచి పై స్వరానికి చిటికెన వేలితో టక్కున ఎగిరేవారు, మధ్యలో ఏమీ వినపడకుండా. వాద్యగాళ్లు ఆ చోటుని గెంతు అంటారట. టీచరు వేలు గెంతలేదు. అందుకని ఉంగరపు వేలిని తీగ మీద జార్చుకుంటూ పైకి వెళ్లేది. ఎవరో మాట చెప్పబోయి, ఒక్క క్షణం ఆగి, ఆలోచించుకుని చెప్పినట్టు ఉండేది ఆ జారుడు.

పిల్లలకి మాత్రం "పాటలో ఉన్నది గెంతు. మీ వేళ్లు బావున్నాయి, మీరు గెంతండి" అనేది. కానీ పిల్లలు చెప్పింది చేస్తారా, విన్నది చేస్తారు. ఊళ్లో ఫిడేలు నేర్చిన పిల్లలంతా అక్కడికొచ్చేసరికి జారేవాళ్లే.

పెద్దాయన జీవితం మీద సినిమా తీస్తున్నామంటూ ఒక బృందం మా ఊరికి వచ్చింది. మా పాత నాటకశాలలో చెక్క బాల్కనీలు చెక్కుచెదరకుండా ఉన్నాయని, అక్కడ ఆయన మొదటి కచేరీ సన్నివేశం తీస్తామన్నారు. హీరోగా వేసే అబ్బాయి కష్టపడి కుడి చేత్తో కమాను పట్టడం నేర్చుకున్నాడు. ఎడమ చెయ్యి మాత్రం అతని వల్ల కాలేదు. ఆ చేతికి ఇంకొకరు కావాలి. బ్యాండులో వాయించే మగవాళ్లను పిలిచి చూశారు. అందరివీ లావుపాటి వేళ్లు. పెద్దాయన పాత ఫొటోలో వేళ్లు పొడుగ్గా, కణుపులు తేలి ఉన్నాయి. ఆ ఫొటో పట్టుకుని బడికి వచ్చిన సహాయ దర్శకుడు టీచరు చెయ్యి చూసి అక్కడే ఆగిపోయాడు.

అతను ఇంటికి మాట్లాడ్డానికి వచ్చినప్పుడు నేనూ పైనే ఉన్నాను. అక్క అడిగిన మొదటి మాట: "బాబూ, ఆ వంకర వేలు కనపడకుండా కంప్యూటర్లో సరిచేస్తారా?"

"అంత అవసరం లేదమ్మా. కనపడని టేపు ఉంటుంది, వేసి నిలబెడతాం. కాసేపేగా."

"నొప్పెడుతుంది."

"అక్కా, ఊరుకో" అంది టీచరు. ఆమె చూపు ఫొటో మీదే ఉంది. "ఆ గెంతు కూడా నా చేతిమీదే తీస్తారా?"

"అదే ముఖ్యమండీ. సలహాకి పెద్దాయన శిష్యుడుగారే వస్తున్నారు. అది సరిగ్గా లేకపోతే ఆయన మమ్మల్ని ఊళ్లోంచి తరుముతారు."

"చేస్తాను" అంది టీచరు.

ఆ రోజు నుంచి ఆమె టేపు చుట్టుకుని గెంతు సాధన చేసింది. నా గది సరిగ్గా కింద కాబట్టి నాకన్నీ వినపడేవి. మొదట్లో స్వరం పక్కకి పడేది. ఆగేది. చేతిని నీళ్లలో పెట్టుకుంటోందని గిన్నె చప్పుడు చెప్పేది. మళ్లీ మొదలు. తర్వాత తర్వాత గెంతు తగలడం మొదలైంది. అచ్చం రికార్డులో ఉన్నట్టే, టక్కున. అయితే ఏ పూటకా పూట చివర్లో, టేపు తీసేశాక కాబోలు, పాట మొదట్నుంచీ ఒక్కసారి తన పద్ధతిలో వాయించుకుని పెట్టె మూసేది.

షూటింగుకి తోడు నన్ను వెళ్లమంది అక్క. "మీకు అక్కడా ఇక్కడా ఒకటేగా, పుస్తకం పట్టుకుని ఓ మూల కూర్చోండి. నేనొస్తే ఆ డైరెక్టరుకి పని నేర్పేస్తాను" అంది. తన సంగతి తనకి బాగా తెలుసు.

ముందు మేకప్ మనిషి టీచరు చేతి మీద ఒక్కొక్క వెంట్రుకా జిగురుతో అంటించాడు. "కదలకండమ్మా, మగాడి చెయ్యి చెయ్యడం మాటలు కాదు" అన్నాడు. ఆ పూట సాయంత్రం ఆ చెయ్యి చూసి అక్క పడీపడీ నవ్వింది. "ఇంట్లో మగదిక్కు లేదని లోకమంతా జాలిపడేది కదే చిట్టీ. ఇదిగో వచ్చింది. రేపట్నుంచి గ్యాసు బండ నువ్వే మొయ్యి."

తీసే పద్ధతి నేను ఊహించినట్టు లేదు. హీరో ఎడమ చెయ్యి వీపు వెనక్కి కట్టేశారు. అతని కోటుకి ఎడమ చంక కింద చీలిక ఉంది. టీచరు అతని వెనక, కోటు లోపల వంగి, ఆ చీలికలోంచి తన చెయ్యి కోటు చేతిలోకి దూర్చి, బయటికి పెట్టి ఫిడేలు పట్టుకోవాలి. పైన ఇంకో గుడ్డ కప్పారు. ముందు నుంచి చూస్తే ఒక్క మనిషే. ఆమెకి మాత్రం ఏమీ కనపడదు; మొహం అతని వీపుకి ఆనించి, స్పీకరు పెట్టెల్లోంచి వచ్చే పెద్దాయన పాత రికార్డు వింటూ, తడుముకుని వాయించాలి. కళ్లజోడు అడ్డమని తీసి నాకిచ్చింది.

"చెమట వాసన వస్తోందా టీచరుగారూ?" అన్నాడు హీరో.

"పర్లేదు బాబూ. నువ్వు ఊపిరి పీల్చినప్పుడు మాత్రం కొంచెం చెప్పి పీల్చు" అంది కోటు.

శిష్యుడుగారు బక్కపలచని పెద్దమనిషి. అప్పుడు పంటినొప్పితో ఒక బుగ్గ వాచి ఉంది. ఆ బుగ్గ పట్టుకునే ప్రతిదానితో పోట్లాడేవారు. హాల్లో పైన ఫ్యాను చూసి, "ఆ కచేరీనాటికి ఈ ఊళ్లో కరెంటే లేదయ్యా" అన్నారు.

"సార్, ఫ్యాను తిరగట్లేదు కదా" అన్నాడు సహాయ దర్శకుడు.

"ఓహో. కరెంటు లేదు కాబట్టి ఆపారన్నమాట."

హీరో చేతి గడియారం విప్పించారు. ప్రేక్షకుల్లో ఒకావిడ కళ్లజోడు తీయించారు. ఆవిడ పాపం ఏమీ కనపడక పక్కావిడ కుర్చీలో కూర్చోబోయింది. కానీ గెంతు దగ్గరికి వచ్చేసరికి ఆయన బుగ్గ మీంచి చెయ్యి తీసి, కుర్చీ అంచుకి జరిగారు. రికార్డులో ఆ చోటు వచ్చింది. టీచరు టేపు చుట్టిన చిటికెన వేలు లేచి, తీగ మీద టక్కున దిగింది. రికార్డుకీ వేలికీ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు.

"అదీ" అన్నారు శిష్యుడుగారు. అంతే అన్నారు గానీ ఆయన కళ్లు తడిశాయి.

ఇంటికి వచ్చేటప్పుడు టీచరు ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని నడిచింది.

అక్కడితో అయిపోయేదే. కానీ ఏ దృశ్యంలో ఏది ఎక్కడుందో ఫొటోలు తీసి సరిచూసే అమ్మాయి ఒకతె ఉండేది. గ్లాసులో నీళ్లు ఎంతవరకున్నాయి, జేబురుమాలు ఏ వైపుంది, అదే ఆమె పని. ఆ ఫొటోలు చూస్తుంటే కోటు చేతికి మిగతా సన్నివేశమంతా మూడు గుండీలు ఉన్నాయని, టీచరు చెయ్యి దూర్చేటప్పుడు ఒకటి ఊడి, గెంతు తీసినప్పుడు రెండే ఉన్నాయని తేలింది. మర్నాడు మళ్లీ రమ్మని కబురు.

మర్నాడు శిష్యుడుగారు లేరు. పన్ను తీయించుకోవడానికి వెళ్లారు. దర్శకుడు, కెమెరా మనిషి, ఫొటోల అమ్మాయి, దుస్తులవాళ్లు, అందరి కళ్లూ గుండీల మీదే. మూడూ దారం లాగి లాగి కుట్టారు. చెయ్యి దూర్చేటప్పుడు నలుగురు పట్టుకున్నారు. రికార్డు మొదలైంది. అందరూ గుండీలు చూస్తున్నారు. నాకు గుండీలతో పని లేదు, చూసేందుకు చెయ్యి తప్ప ఏమీ లేదు.

గెంతు వచ్చింది. చిటికెన వేలు లేవలేదు. ఉంగరపు వేలు మెల్లగా, ఏ తొందరా లేకుండా, తీగ మీద జారుతూ పైకి వెళ్లింది. పెట్టెల్లో పెద్దాయన గెంతారు. కోటులోంచి వచ్చిన చెయ్యి జారింది.

"ఓకే! గుండీలు?" అన్నాడు దర్శకుడు.

"మూడూ ఉన్నాయి సార్!" అంది అమ్మాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

టీచరు కోటులోంచి బయటికి వచ్చింది. జుట్టు చెదిరి, మొహం ఎర్రబడి ఉంది. కళ్లజోడు ఇద్దామని దగ్గరికి వెళ్లాను. కుడి గుప్పిట్లో ఉండచుట్టిన టేపు కనపడింది. అది చెమటకి దానంతటది ఊడిందో, ముందే ఆమె లాగేసిందో నేను చూడలేదు. ఆ చీకట్లో ఎవరూ చూడలేదు. హీరో మాత్రం భుజాలు సవరించుకుంటూ, "నిన్న మీ చెయ్యి నా పక్కటెముకల దగ్గర వణుకుతూనే ఉంది టీచరుగారూ. ఇవాళ అస్సలు వణకలేదు" అన్నాడు.

"ఆకలేస్తోంది అన్నయ్యగారూ" అంది నాతో. దారిలో వేడి రొట్టె కొనుక్కుని, నడుస్తూ నడుస్తూనే తినేసింది. రోడ్డు మీద ఆమె ఏదైనా తినడం అదే మొదటిసారి చూశాను.

సినిమా వచ్చింది. ముగ్గురం వెళ్లాం. నాటకశాల సన్నివేశం రాగానే మా వెనక సీట్లో ఎవరో, "ఇందాక పైన ఫ్యాను ఉంది కదరా, ఇప్పుడేది?" అన్నాడు. అక్క వెనక్కి తిరిగి టికెట్ల కిటికీ గొంతుతో "నోర్మూసుకుని చూడు నాయనా" అంది. హాలంతా మూసుకుంది.

పాట మొదలైంది. ఆ చోటు పాటలో రెండుసార్లు వస్తుంది. సినిమా ముక్కలు కూర్చినవాళ్లు మొదటిసారికి మొదటిరోజుది, రెండోసారికి రెండోరోజుది వాడుకున్నారు. మొదట కోటుకి రెండు గుండీలు; టేపు వేసిన తిన్నని వేలు గెంతింది. కాసేపటికే మూడు గుండీలు. వంకర వేలు తీగకి ఎడంగా నిలబడి ఉండగా పక్క వేలు జారింది. తెర మీద ఆ చిటికెన వేలు నిలువెత్తు తలుపంత ఉంది.

అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "టేపు లేదు అన్నయ్యగారూ" అంది. ఆమె అంత మెల్లగా మాట్లాడగలదని నాకు తెలియదు. అవతల టీచరు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వేరే ఎవరి చేతినో చూస్తున్నట్టు చూస్తోంది.

తర్వాత జనం తప్పుల వేట మొదలుపెట్టారు. ఫ్యాను, ఎక్కుతూ దిగుతూ ఉన్న గ్లాసులో నీళ్లు, పెద్దాయన కాలంలో లేని వీధి దీపం, ఆయన బతికుండగా రాని బస్సు. కింద దర్జీ అయితే కొట్టుకి వచ్చినవాళ్లందరికీ చెప్పాడు: "చేతికి ముందు రెండు గుండీలు, పాట తిరిగేసరికి మూడు. నేనిలా కుడితే నా మొహాన కొడతారు." ఫోన్లలో పెద్ద చర్చ. జారుడు సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఊరి పిల్లలు మాత్రం ఆ సన్నివేశానికి సీట్లలోంచి లేచి "మా టీచరు వేలు!" అని అరిచారట.

ఇంకొకాయన చూశారు. శిష్యుడుగారు.

ఒక ఆదివారం ఆయన మా మెట్లెక్కారు. నా దగ్గర మంచినీళ్లు తాగి, నన్ను కూడా పైకి రమ్మన్నారు. "ఆవిడ అక్కగారి సంగతి విన్నాను. ఒంటరిగా వెళ్లను" అన్నారు.

కూర్చోగానే విషయానికి వచ్చారు. "టీవీకి ఇచ్చే కాపీలో తప్పులన్నీ దిద్దుతున్నారు. ఫ్యాను తీసేస్తారు, గుండీ పెడతారు. మీరు మరోసారి వచ్చి ఆ రెండో గెంతు చెయ్యాలి."

"ఎందుకండీ?" అక్క లేచింది. "లేని వీధి దీపాలు పెట్టుకున్నారు, పుట్టని బస్సులు తిప్పుకున్నారు, అవేవీ అడ్డు రానిది మా చెల్లెలి వేలే అడ్డొచ్చిందా? దాని నొప్పి మీకేం తెలుసు?"

"తెలీదమ్మా. కానీ ఆయన జీవితంలో ఎప్పుడూ అక్కడ జారలేదు. బస్సు ఆయనది కాదు. ఆ గెంతు ఆయనది." ఆయన గొంతు పెంచలేదు. "మీ ఊళ్లోకి వచ్చి పిల్లల్ని వాయించమన్నాను. అందరూ జారుతున్నారు! ఇంకో తరం పోతే గెంతు ఉండేదని చెప్పేవాడుండడు."

అక్క నోరు తెరిచేలోపే టీచరు అంది: "మీరన్నది నిజమేనండీ. ఆయన సినిమాలో ఆయన చెయ్యే ఉండాలి. వస్తాను."

ఆయన పోట్లాటకి సిద్ధపడి వచ్చినట్టున్నారు. పని అంత తేలిగ్గా అయిపోయేసరికి గుమ్మానికి వేలాడే తెర వైపు, బందుల వైపు చూశారు. తర్వాత, "ఒకసారి మీ పద్ధతిలో వాయించండి, పూర్తిగా. సినిమాలో ఆయన రికార్డే వినిపించింది. మీది నేను వినలేదు" అన్నారు.

టీచరు అక్క వంక చూసింది. అక్క కిటికీ వంక చూసింది. టీచరు లోపలికెళ్లి ఫిడేలు తెచ్చుకుంది.

పరాయి మనిషి ముందు ఆమె వాయించడం ఆ వేలు విరిగాక అదే మొదలు. మొదటి చరణంలో కమాను కొంచెం తడబడింది. జారుడు దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్లు మూసుకుంది. శిష్యుడుగారి ఎడమ చేతి వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి. మొదటిసారి అవి గెంతాయి. రెండోసారి, నేను చూస్తూనే ఉన్నాను, జారాయి.

పాట అయ్యాక ఆయన మోకాలి మీది చేతిని తిప్పి చూసుకున్నారు.

"తప్పే" అన్నారు చివరికి. "ఆయన పాటలో తప్పే. ఆయన సినిమాలో ఇది దాక్కుని వాయించడం ఇంకా తప్పు. బయట వాయించండి, మీ మొహం కనపడేలా."

"ఎక్కడ వాయించమంటారు, మార్కెట్లోనా?" అంది అక్క.

"మా బృందంలో రెండో ఫిడేలు కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చునే ఆవిడకి కళ్లు కనపడ్డం లేదు, మానేసింది. ఊళ్లు తిరగాలి, ఆరోగ్యంగా ఉండాలి, నా చాదస్తం భరించాలి."

"అది వేదికెక్కి ఎన్నాళ్లయిందో తెలుసా మీకు?"

"మీ మేడ మెట్ల కంటే మా వేదికలు ఎత్తు ఉండవు లెండి" అన్నారాయన, చేతికర్ర వెతుక్కుంటూ. వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి, "పిల్లలకి మాత్రం గెంతు నేర్పండి. జారేది తర్వాత వాళ్లే వెతుక్కుంటారు" అన్నారు.

టీచరు ఆయన్ని మెట్ల దాకా సాగనంపింది.

సినిమావాళ్ల దగ్గరికి వెళ్లి ఒక్క పూటలో ఆ పని పూర్తి చేసి వచ్చింది. టీవీలో వచ్చినప్పుడు చూశాను. ఫ్యాను లేదు. నీళ్లు ఒక్కచోటే ఉన్నాయి. గుండీలు రెండుసార్లూ మూడే. తిన్నని వేలు రెండుసార్లూ గెంతింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నేనెందుకో రెండోసారి ఆ చోటు వచ్చేముందు ఊపిరి బిగబట్టి, అది దాటిపోయాక ఇంకా ఎదురుచూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత పై గదిలో సాధన మారింది. ఇదివరకు పిల్లలు వెళ్లాక, కిటికీలు మూసి, సగం గొంతుతో మాట్లాడినట్టు వాయించేది. ఇప్పుడు కిటికీలు తెరిచి వాయించసాగింది. నేను పుస్తకం పట్టుకుని అదే పేజీలో ఉండిపోయేవాణ్ణి. కింద కుట్టుమిషను అప్పుడప్పుడు ఆగేది. బళ్లో పెద్ద పిల్ల ఒకతె చిన్నవాళ్లకి గెంతు నేర్పుతోందని, టీచరు పక్కన కూర్చుని వింటోందని అక్క చెప్పింది. ఇంకేమీ చెప్పలేదు. అడగాలనుకున్న ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. మెట్ల మీద ఎదురైతే, "ఆ రోజు టేపు..." అని మొదలుపెట్టబోయి "తీగలు కొత్తవి వేశారా?" అని ఇంకేదో అడిగేవాణ్ణి. ఇప్పటికీ అంతే. బృందం మా వైపు వచ్చినప్పుడు ఆమె ఒకటి రెండు పూటలు ఇంటికి వస్తుంది, రెండో కుర్చీలో కూర్చుని వాయించే ఫొటోలు అక్క నాకు చూపిస్తుంది, నేను తీగల గురించే అడుగుతాను.

బృందంలో చేరడానికి ఆమె మొదటిసారి వెళ్లిన రోజు నేను తలుపు తీసుకుని కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాను. తెల్లారి ఎంతోసేపు కాలేదు. పైనుంచి మెట్ల మీద అడుగుల చప్పుడు వచ్చింది. చప్పుడు అనకూడదు, మా చెక్కమెట్లు మధ్యలో కిర్రుమంటాయని తెలిసినవాళ్లు గోడ వారగా ఎలా దిగుతారో అలా. మా గుమ్మం ముందు ఆమె కనపడింది. భుజాన సంచి, చేతిలో ఫిడేలు పెట్టె. నన్ను చూసింది. కళ్లజోడు సర్దుకుంది. నేను పుస్తకం దించాను. ఆమె ఎప్పట్లాగే గోడకి కొంచెం ఒదిగి, నేనేదో ఎదురొస్తున్నట్టు దారిచ్చి, దిగిపోయింది.

లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. దర్జీ ఇంకా కొట్టు తియ్యలేదు. సందులో ఆమె ఒక్కతే నడుస్తోంది. పెట్టె ఎడమ చేతిలో ఉంది. నాలుగు వేళ్లు పిడిని పట్టుకున్నాయి, చిటికెన వేలు దేన్నీ పట్టుకోకుండా పక్కకి నిలబడి ఉంది. కిటికీ తెరిచే ఉంది. పిలిస్తే వినపడేంత దూరం. ప్రశ్న నోటిదాకా వచ్చింది కూడా.

పైనుంచి అక్క కేక వినపడింది. "చిట్టీ! టీ చల్లారిపోతోందే!"

సాధన గది తెర ఉంగరాలు కర్రమీద జరిగిన చప్పుడు. తర్వాత పై కిటికీ రెక్క పూర్తిగా తెరుచుకుంది. ఈసారి కేక సందు చివరిదాకా వెళ్లింది: "స్వెట్టరు పెట్టుకున్నావా?"

ఆమె వినే ఉంటుంది, వీధంతా విన్నది. వెనక్కి తిరగలేదు, చెయ్యి ఎత్తలేదు. పెట్టెను ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుని మలుపు తిరిగింది.